దగ్గు జ్వరం రోజుల్లో వడ్రంగిపిట్ట

పాలవాగు అడవిలో ఉడతలు, కుందేళ్ళు, జింకలు, రకరకాల పిట్టలు కలిసిమెలిసి ఉండేవి. చెట్లకు తొర్రలు తొలిచి ఇళ్ళు కట్టేది వడ్రంగిపిట్ట కొండమ్మ. నేలలో బొరియలు తవ్వేవాడు ముళ్ళపంది వీరన్న. ఇద్దరూ మంచి పనివాళ్ళే.

ఒక ఎండాకాలం చివర్లో అడవికి దగ్గు జ్వరం వచ్చింది. పక్కన కూర్చుంటే చాలు, అంటుకునేది. పడుచువాళ్ళు కొన్నాళ్ళకు కోలుకునేవారు. ముసలివాళ్ళలో కొందరు మళ్ళీ లేవలేదు.

అలాంటి సమయంలో పోలమ్మ అనే ముసలి ఉడత నుంచి కొండమ్మకు కబురు వచ్చింది. పోలమ్మ ఉంటున్న తొర్ర నిలువునా చీలిపోయిందట. వానలు పడేలోగా అదే చెట్టుకు కొత్త తొర్ర కావాలి.

కొండమ్మ మొగుడు వద్దన్నాడు.

"మన పిల్లలకింకా రెక్కలు రాలేదు. నువ్వు జ్వరం మోసుకొస్తే వీళ్ళ గతేమిటి?"

కొండమ్మ పిల్లల వైపు చూసింది. ఆమెకూ భయంగానే ఉంది. కానీ వానలో తడిసి వణికే పోలమ్మ కూడా కళ్ళ ముందు మెదిలింది. చాలాసేపు ఆలోచించి, "వెళ్తాను. కానీ ఎప్పటిలా వెళ్ళను," అంది.

పోలమ్మ చెట్టు దగ్గరకు వెళ్ళి దూరం నుంచే పిలిచింది.

"అవ్వా, నేను పని చేసినంతసేపూ నువ్వు ఆ ఎదుటి చెట్టు మీద ఉండాలి."

పోలమ్మ చిన్నబుచ్చుకుంది. "అంత అంటరానిదాన్నయిపోయానా? నీకోసం పళ్ళు కూడా ఏరిపెట్టానే."

"నావల్ల నీకు రాకూడదని అవ్వా. పళ్ళు ఆ కొమ్మ మీద పెట్టి వెళ్ళు. ఒక్కటీ మిగల్చను."

ముసలామె నవ్వేసింది. ఎదుటి చెట్టెక్కి కూర్చుని, అక్కడి నుంచే కబుర్లు చెప్పింది. కొండమ్మ రోజూ పని ముగించాక వాగులో ముక్కు, రెక్కలు కడుక్కునే ఇంటికి వెళ్ళేది. పని కాస్త ఆలస్యమైంది. కానీ తొర్ర గట్టిగా కుదిరింది.

అదే సమయంలో వీరన్న కుందేలు సీతాలు ఇంట్లో బొరియ తవ్వుతున్నాడు. దారిలో కనిపిస్తే కొండమ్మ అతణ్ణి ఆపింది.

"వీరన్నా, వాళ్ళింట్లో ముసలి అత్తగారుంది. వాళ్ళను బయట ఉండమని పని చేసుకోకూడదా?"

"నా ముళ్ళు చూసి చిరుతే పక్కకు తప్పుకుంటుంది. ఈ దగ్గు నన్నేం చేస్తుంది చెల్లీ?" అన్నాడు వీరన్న.

మర్నాడే అతనికి దగ్గు మొదలైంది. సీతాలు అడిగితే, "తవ్వేటప్పుడు మన్ను గొంతులోకి పోయింది," అన్నాడు. వాళ్ళ మధ్యే కూర్చుని తిన్నాడు. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. బొరియ సగంలోనే వదిలేసి, కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరి పడిపోయాడు. కొద్దిరోజులకే సీతాలు అత్తగారూ మంచం పట్టింది.

ఇంతలో వానలు వచ్చాయి. పోలమ్మ పొడి తొర్రలో వెచ్చగా ముడుచుకుంది. వీరన్న బొరియలోకి నీళ్ళు చేరాయి. అందరి ఇళ్ళూ తవ్వినవాడికి తన బొరియ గట్టు ఎత్తుగా కట్టుకునే ఓపిక లేకపోయింది. జ్వరంతోనే పాక్కుంటూ ఒక బండ కిందకు చేరాడు. కొండమ్మ రోజూ అల్లంత దూరంలో దుంపలు వదిలి, "తిన్నావా అన్నా?" అని కేకేసి వెళ్ళేది.

సీతాలు అత్తగారు చావు దాకా వెళ్ళి బతికింది. కొండమ్మ ఆ మాట చెప్పాక వీరన్న తింటున్న దుంప పక్కన పెట్టేశాడు.

పూర్తిగా కోలుకున్నాక అతను సీతాలు ఇంటి ముందు దూరంగా నిలబడ్డాడు.

"దుమ్ము దగ్గని అబద్ధం చెప్పాను. జ్వరమని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. తప్పు నాదే అమ్మా," అన్నాడు.

లోపలి నుంచి అత్తగారు సీతాలుతో మెల్లగా అంది, "వాన కురుస్తోంది. పిల్లలు తడుస్తున్నారు. పని పూర్తి చేయమను."

"మీరంతా ఆ పొదలోకి వెళ్ళండి. మీరు వెళ్ళాకే వస్తాను," అన్నాడు వీరన్న.

పిల్లకుందేళ్ళు ముందు గెంతాయి. సీతాలు అత్తగారిని ఆనించుకుని నడిపించుకెళ్ళింది. చివరి తోక పొదలోకి మాయమయ్యేదాకా వీరన్న వానలోనే తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆ తర్వాతే తవ్వడం మొదలుపెట్టాడు.

నీతి: కష్టకాలంలో పని మానుకోనక్కర్లేదు, జాగ్రత్త మానుకోకూడదు. మన మొండి ధైర్యానికి బాధపడేది మన పక్కవాళ్ళు.