పై నట్టు

కేదారికి సంసారం మీద విసుగు పుట్టింది. దానికి వైరాగ్యమని పేరు పెట్టుకున్నాడు.

వడ్ల దుకాణం తమ్ముడి చేతిలో పెట్టాడు. కారు అమ్మేశాడు. నువ్వు ఎదురుగా తిరుగుతుంటే మనసు నిలవదని భార్య సులోచనను పుట్టింటికి పంపేశాడు. ఆ తర్వాత నెలల తరబడి మౌనం పట్టి కళ్లు మూసుకు కూర్చున్నాడు. చివరికి కొమురయ్య గురువు దగ్గరికి వచ్చి, సన్యాసం ఇప్పించమని కాళ్ల మీద పడ్డాడు.

కొమురయ్య గురువుది మెదక్ వైపు ఊరు. భార్యాబిడ్డలున్న మనిషి, పొలం చేసుకునే మనిషి. ఊరూరా తిరిగి తత్వం చెప్పడానికి పాత జీపు ఒకటుంది. ఆయన గురువుల నాటినుంచి అక్కడొక కట్టుబాటు: పెళ్లయినవాడికి దీక్ష కావాలంటే భార్య తన నోటితో ఒప్పుకోవాలి.

“నేను అన్నీ ఖాళీ చేసుకున్న గురువుగారూ. ఇంక ఆమెను అడిగేదేమున్నది?” అన్నాడు కేదారి.

“అయినా అడుగుదం. జీపుల పోదం,” అన్నాడు గురువు. “ఎనక ఇరుసు మూలుగుతున్నది. జర ఆయిల్ మార్చు, బయలెల్లుదం.”

కేదారికి ఇదొక పనే కాదు. తన కారుకు ఇవన్నీ ఇంటి వాకిట్లో తనే చేసుకునేవాడు. ఏ మెకానిక్కూ నా బండి ముట్టలేదని చెప్పుకునేవాడు. అన్నీ వదిలినా ఆ గొప్ప మాత్రం వదల్లేదు.

పానాలు తీసుకుని జీపు కిందికి దూరాడు. వెనక చక్రాల నడుమ లావుగా ఉబ్బి ఉంటుంది డిఫరెన్షియల్, ఇరుసును తిప్పే పళ్లచక్రాల డొప్ప. దానికి రెండు నట్లు. కిందిది విప్పితే పాత ఆయిల్ కారిపోతుంది. పైది విప్పి కొత్తది పోయాలి. కేదారి బేసిన్ పెట్టి కింది నట్టు విప్పాడు. నల్లటి ఆయిల్ ఘాటు వాసనతో జారింది. ఆఖరి బొట్టు దాకా కారనిచ్చి, శుభ్రంగా తుడిచి, నట్టు బిగించాడు.

తర్వాత పై నట్టుకు పానా వేశాడు. కదల్లేదు. పానాకు ఇనుప గొట్టం తొడిగి లాగాడు. కదల్లేదు. కిరసనాయిలు పోశాడు, సుత్తితో కొట్టాడు, బూతులు కూడా తిట్టాడు. ఈసారి లాగితే పానా జారి చేయి గీరుకుపోయింది. నట్టు అంచులు అరిగి గుండ్రమైపోయాయి. ఇక దాన్ని ఏ పానా పట్టదు.

గురువు వచ్చి జీపు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“ఏమైంది?”

“పై నట్టు తుప్పు పట్టి బిగుసుకపోయింది. వస్తలేదు.”

“కిందిది?”

“ఖాళీ చేసిన.”

“మొదలు ఏది ఇప్పాలె?”

కేదారికి తెలుసు. ఈ పని చేసే ఎవడికైనా తెలుసు. పైది వస్తుందని చూసుకున్నాకే కిందిదాని జోలికి పోవాలి. పాత ఆయిల్‌తో బండి ఎట్లాగో నడిచేది. ఉత్త ఇరుసుతో నడిపితే లోపల పళ్లను పళ్లే నమిలేస్తాయి.

“పైది,” అన్నాడు.

“మరి?”

“కిందిది అల్కగ వస్తది గురువుగారూ.”

గురువు బేసిన్‌లో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూశాడు.

“ఇంకా జిగటున్నది,” అన్నాడు. “ఇంకొన్ని దినాలు నడుస్తుండె.”

ఆ వేలిని గడ్డికి తుడుచుకుని లేచి వెళ్లిపోయాడు. కేదారి జీపు కిందే చాలాసేపు పడుకుండిపోయాడు. తర్వాత బయటికి వచ్చి గురువు దగ్గరికి పోయాడు.

“దీక్ష మాట తర్వాత గురువుగారూ. సులోచనను ఇంటికి తోలుకొద్దం.”

“బస్సున్నది. పా.”

సులోచన పుట్టింటి వరండాలో మిషను కుడుతోంది. గురువుకు మంచం వాల్చింది. ఇద్దరికీ మంచినీళ్లిచ్చింది. కేదారికి కూడా చుట్టానికి ఇచ్చినట్టే ఇచ్చింది. అతనికి ఆ మర్యాద చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

“ఇంటికి పోదం పా, సులోచనా. తప్పు నాదే.”

ఆమె జాకెట్టు ముక్క మిషను మీద సర్దుకుంటూ అంది: “మా అమ్మ సచ్చిపోయిన్నాడు నీకు ఫోన్ మీద ఫోన్ చేసిన. మౌనంల ఉన్నడు, మాట్లాడడని మీ తమ్ముడు చెప్పిండు. పాడె లేపేదాక నీ తొవ్వ చూసిన.”

“నాకప్పుడు...”

“నిన్ను తిడుతలేను. నాకు ఏడుపంత ఆనాడే అయిపోయింది.”

గురువు వైపు తిరిగి చేతులు జోడించింది. “దీక్షకు నా మాట గావాల్నని మరిది చెప్పిండు. నాకేం అడ్డం లేదు గురువుగారూ. ఇయ్యుండ్రి.”

మళ్లీ మిషను తొక్కసాగింది. కేదారి ఇంకా ఏదో అన్నాడు. ఆ చప్పుడులో అతనికే వినబడలేదు.

బస్‌స్టాప్‌లో రాతి అరుగు మీద కూర్చున్నారు. కేదారి నల్లటి చేతుల్లో మొహం పెట్టుకుని సిగ్గు విడిచి ఏడ్చాడు. గురువు వద్దనలేదు, వీపు నిమరలేదు.

“నాకు దీక్ష వద్దు గురువుగారూ.”

గురువు రోడ్డు వైపు చూస్తూ అన్నాడు:

“అయిపోయింది బిడ్డా. ఆమె ఇచ్చేసింది.”