ఆపమనేదాకా

బెల్టు పెట్టుకోమని కారు చేస్తున్న టింగు టింగు చప్పుడు టక్కున ఆగిపోయింది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. మా మేనత్త కొడుకు ధీరజ్ బావ బెల్టుని వీపు వెనకనుంచి లాగి క్లిప్పు పెట్టేశాడు.

"చూశావా, ఎలా నోరు మూయించానో!" అన్నాడు.

వెనకనుంచి మా చెల్లి లహరి "సూపర్ బావా!" అంది. నేను నా బెల్టు ఇంకోసారి సరిచూసుకున్నాను. బావకి లైసెన్సు వచ్చి నెలే అయింది. ఆదివారం అదే కారులో మేం ముగ్గురం అరకు ఘాట్ ఎక్కాలి.

నేను విజయనగరంలో పైడిరాజు మాస్టారి దగ్గర కారు నేర్చుకుంటున్నాను. మర్నాడు ఆయన్ని అడిగాను. "మాస్టారూ, నడిపేవాళ్ళు తప్పు చేస్తుంటే పక్కన కూర్చున్నవాళ్ళు ఏం చెయ్యాలి?"

అడిగినదానికి నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. తన భోజనం క్యారేజీ తీసుకెళ్ళి ఖాళీ గ్రౌండు మధ్యలో పెట్టొచ్చారు. నాతోపాటు నేర్చుకుంటున్న దాలినాయుడు గారిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, చెవిలో ఏదో చెప్పారు. దాలినాయుడు గారు బ్యాంకులో ఆఫీసరు, వయసులో పెద్దాయన. మాస్టారు నన్ను ఆయన పక్కన, రోజూ తను కూర్చునే సీట్లో కూర్చోమన్నారు. నేర్పేవాళ్ళ కోసం ఆ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది.

"అది నీదేనమ్మా," అని మాస్టారు వెనక కూర్చున్నారు.

కారు నిదానంగానే కదిలింది. తిన్నగా క్యారేజీ మీదకే వెళ్తోంది. ఆయనకి కనబడే ఉంటుంది, ఆపుతారులే అనుకున్నాను. తీరా నేను తొక్కితే మాస్టారి ముందు పెద్దాయన చిన్నబుచ్చుకుంటారేమో అనీ అనుకున్నాను. ఇంకేదో అనుకునేలోపే టైరు కింద ఫట్‌మంది.

"ఏటమ్మా, కాలి కింద బ్రేకుంది, నోట్లో మాటుంది. మరేటయింది?" అన్నారు మాస్టారు.

"ఆయన ఏమనుకుంటారో అని..."

"అయ్యో, ఒక్క మాటన్నా ఆపేసేవాడినండి!" అన్నారు దాలినాయుడు గారు. "మీరు ఆపమనేదాకా పోనిమ్మని మాస్టారే చెప్పారు."

మాస్టారు దిగి, అణిగిపోయిన గిన్నెలు ఏరుకుని, పప్పన్నం దులిపారు.

"క్యారేజీ కాబట్టి ఇంకోటి కొనుక్కుంటానమ్మా," అన్నారు. అంతే.

రేపే ఆదివారం. బావ ఆరింటికల్లా వచ్చేస్తాడు. ముందు సీటు తనదేనని లహరి ఇప్పటికే చెప్పేసింది. ఇందాకే అత్తయ్య ఫోన్ చేసి, "మావాడు మీకోసం ఎంత సరదా పడుతున్నాడో తెలుసా!" అంది. బావకి ఏమని చెప్పాలో నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ చెరిపేశాను. ఇంట్లోనే చెప్పెయ్యనా, కారెక్కాక చెప్పనా? వినకపోతే లహరిని చెయ్యిపట్టి దింపెయ్యనా? మీరైతే ఏం చేస్తారు, చెప్పండి.