నరికిన మొద్దు మీది ఆకు

గురప్ప అయ్యవారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పరు. చేతికందిన నీలగిరి ఆకు తుంచి, నలిపి, వాసన చూస్తారు. హార్స్‌లీ కొండ మీద ఆయన చుట్టూ చేరేవాళ్లం, ఆ ఘాటు ముక్కుకు తగిలితే ఏదో చెప్పబోతున్నారని సర్దుకుని కూర్చునేవాళ్లం.

ఆ పొద్దున మంచు ఇంకా చెట్లను వదల్లేదు. చెంగమ్మ వచ్చింది. ఏళ్ల తరబడి అయ్యవారి మాటలు వింటున్న మనిషి, ఎన్నడూ నోరు తెరిచి ప్రశ్న వేసింది లేదు. ఆమె కొడుకు మునీంద్ర కొట్లాటలో ఒకణ్ణి కొట్టాడు. ఆ మనిషి చనిపోయాడు. మునీంద్ర జైలుకు పోయాడు. శిక్ష ముగిసి, ఆ రోజే తెల్లవారి బస్సుకు కొండ కింద దిగి, తల్లి కోసం అక్కడే కూర్చున్నాడు. ఆమె దూరం నుంచి చూసి, పలకరించకుండా పైకి వచ్చేసింది. అదంతా అయ్యవారికి చెప్పుకుంది.

"ఆ మొగంలో నా బిడ్డ లేడు అయ్యవారూ. ఎవరిని ఇంటికి పిల్చుకపోయేది?" అంది.

అయ్యవారు ఆకు నలిపి ఒక కథ ఎత్తుకున్నారు.

నూటయాభై ఏళ్ల కిందట ఇద్దరు దొరలు ఉండేవారట. చెట్లను గుర్తుపట్టి పేర్లు పెట్టడం వాళ్ల పని. హార్ట్‌మన్ ఆస్ట్రేలియాలో, పార్స్‌లో అనే ఆయన నీలగిరి కొండల్లో. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. జాబులు ఓడలో పోయేవి. ఒక మాటకు జవాబు వచ్చేలోగా ఒక వానాకాలం కరిగిపోయేది.

హార్ట్‌మన్ తన దేశపు చెట్టు, ఇప్పుడు మనం నీలగిరి చెట్టు అంటున్నదాని గింజలూ, ఒక ఎండుకొమ్మా పంపాడు. కొమ్మకు కొడవళ్లలాంటి పొడుగాటి ఆకులు. గింజలకు మొలిచినవి మాత్రం గుండ్రటి ఆకులు, వెన్నెల పూసినట్టు తెల్లగా, కాడ లేకుండా, జంటలు జంటలుగా కొమ్మను కరుచుకుని. ఇది వేరే జాతి అని పార్స్‌లో రాశాడు. నా చేత్తో కోసిన కాయల గింజలవి అని హార్ట్‌మన్. అయితే కళ్లజోడు మార్చుకోండి అని పార్స్‌లో. మీరు కుండీలో పెంచుతున్నది మొక్కను కాదు, మొండితనాన్ని అని హార్ట్‌మన్. పార్స్‌లో రెండు ఆకులనూ రెండు కాగితాల మీద అంటించి రెండు పేర్లు రాశాడు. మొక్కను కొండవాలులో నాటించి, జబ్బు చేసి సొంత దేశం పోయాడు.

ఏళ్లు గడిచాక తిరిగొచ్చి చూస్తే ఆ చోట ఆకాశమంత చెట్టు. కొడవలి ఆకులు మంచులో ఊగుతున్నాయి. తన మొక్కను ఏ మేకో మేసిందనీ, అక్కడ ఇంకేదో మొలిచిందనీ తీర్మానించుకున్నాడు. ఆ పరాయి చెట్టు కింద నిలబడి తన వెన్నెల మొక్క కోసం బెంగపడేవాడట. చివరికి చూడలేక కొట్టించేశాడు.

వానలు పడ్డాయి. మొద్దు చుట్టూ చిగుళ్లు వచ్చాయి. గుండ్రటివి, తెల్లటివి, జంటలు జంటలుగా.

పార్స్‌లో ఒకటి తుంచి వాసన చూశాడు. మంచు తన మీదుగా పోతున్నా లేవకుండా అక్కడే కూర్చుండిపోయాడు. ఆ తరువాత ఆ చిగురునూ, కొట్టేసిన కొమ్మ ఆకునూ ఒకే కాగితం మీద అంటించి, కింద ఒకే పేరు రాసి, ఇంకే మాటా లేకుండా హార్ట్‌మన్‌కు ఓడలో పంపాడు. మరుసటి వానలకు జవాబు వచ్చింది. అభినందన కాదు, వెక్కిరింత కాదు. "చెట్టును ఏం చేశారు?" అని, అంతే.

అయ్యవారు ఆగారు. చెంగమ్మ కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. మంచులో నుంచి ఒక చుక్క ఎవరి భుజం మీదో రాలింది.

"నరికితేగానీ లోపలి ఆకు కనపడదా అయ్యవారూ?" అంది.

అయ్యవారు చేతిలోని ఆకు కింద పెట్టి, ఘాట్ రోడ్డు దిగిపోయే వైపు చూశారు.

"తెల్లారి బస్సుకు దిగినాడంటివే అమ్మా. వాడు ఏమన్నా తిన్నాడా?"