మస్తాన్‌బీ కోరిన మెహర్

మా కుల్సుమమ్మగారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. "పదండి" అంటారు. అడిగినవాళ్లు నోరు మూసుకుని వెనకాల నడవాల్సిందే. నర్సుగా రిటైరయ్యాక నరసరావుపేటలో మా నూర్‌బాషా కులపు ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి ఆరోగ్యం సంగతులు చెప్పేవారు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో నేనూ, రహీమున్నీసా ఉన్నాం. రహీమున్నీసాకు నోటి దూకుడు ఎక్కువ. ఒకరోజు ఆ పిల్ల విసుగొచ్చి అడిగేసింది.

"అమ్మా, కాలేజీ పిల్లలకైతే హెచ్ఐవి గురించి ఎంతసేపైనా చెప్పొచ్చు. నలభై దాటిన మనవాళ్ల దగ్గర ఆ మాటెత్తితే 'మమ్మల్ని ఏమనుకున్నావే' అని మీద పడుతున్నారు. ఇక వీళ్లు మగమనిషిని పరీక్ష చేయించుకోమని అడుగుతారా? అడిగితే వీళ్ల పరువు మిగులుతుందా?"

కుల్సుమమ్మగారు చెప్పులు వేసుకున్నారు.

తీసుకెళ్లింది మస్తాన్‌బీ ఇంటికి. పరుపులు కుట్టి బతికే మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది, కూతుళ్లు కాపురాలకు వెళ్లిపోయారు. ఇన్నాళ్లకు ఆమెకో సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు మీరావలి వరికోత మిషన్ నడుపుతూ ఊళ్లు తిరుగుతాడు, ఆయనకూ భార్య పోయింది. నెమ్మదస్తుడని అందరూ అంటారు. అబ్బో, ఆ రోజు మస్తాన్‌బీ మొహం చూడాలి! పరుపు కుడుతూ తనలో తనే నవ్వుకుంటోంది. మాకే ముచ్చటేసింది.

"ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకున్నారా?" అని అడిగారు కుల్సుమమ్మగారు.

"నాకెందుకక్కా? ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. ముట్లు కూడా ఆగిపోయాయి. ఇంకేం భయం?"

మావాళ్లందరిదీ ఇదే మాట. ఏ జాగ్రత్త గురించి అడిగినా "ఆపరేషనైంది" అంటారు, అక్కడితో అన్నిటికీ సరి అనుకుంటారు.

"ఆపరేషన్ పిల్లలు పుట్టకుండా ఆపుతుందే మస్తానూ, జబ్బు రాకుండా ఆపదు. ముట్లాగాక ఒంట్లోపల చర్మం పలచబడుతుంది, అప్పుడు అంటుకోవడం ఇంకా సులువు. ఉందని తెలిసిందనుకో, మాత్రలున్నాయి, వాడుకుంటూ నిక్షేపంగా కాపురం చేసుకోవచ్చు. తెలుసుకోకపోతేనే చిక్కు," అన్నారు ఆవిడ.

మస్తాన్‌బీ సూది పక్కన పెట్టేసింది. "నాది చేయించుకుంటానక్కా. ఆయన్నెలా అడగను? అనుమానపు మనిషిననుకుని లేచిపోతే? ఈ వయసులో నాకు మళ్లీ ఒక తోడు ఎవరు తెస్తారు?" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. కుల్సుమమ్మగారు ఆమె వీపు నిమిరి, "మెహర్ మాట్లాడుకునేది ఎప్పుడు?" అని మాత్రం అడిగారు. శుక్రవారం నమాజు అయ్యాక అంది. సరేనని లేచారు. దారిలో రహీమున్నీసా "ఇంతకీ జవాబు చెప్పలేదు" అని నాతో గొణిగింది.

శుక్రవారం మేమూ వెళ్లాం. నిఖాలో మగవాడు పెళ్లికూతురికి ఇచ్చుకోవాల్సింది మెహర్. ఏం కావాలో కోరుకునే హక్కు ఆమెదే. కానీ కాజీగారు ఎంత మర్యాదగా అడిగినా, తలుపు వెనక నుంచి "మీరెంతంటే అంత" అనడమే మా ఆడవాళ్లకు అలవాటు. మస్తాన్‌బీ అలా అనలేదు.

"ఆయన హెచ్ఐవి పరీక్ష చేయించుకుని, ఏమొచ్చిందో నాకు చెప్పాలి. అదే నా మెహర్. నాది నిన్ననే చేయించుకున్నా, ఆయనకు చెప్తాను," అంది.

ఇంకేముంది! ఆమె అన్న ఇంతెత్తున లేచాడు. "ఇంత వయసొచ్చి ఇదేం కోరికే? నలుగురిలో మా తల తీసేశావు కదే!" కాజీగారు గడ్డం నిమురుకుంటూ, మెహర్ అంటే విలువున్న వస్తువేదైనా ఉండాలి కదమ్మా అని నసిగారు. ఈలోగా మీరావలి లేచి నిలబడ్డాడు. వెళ్లిపోతున్నాడనే అనుకున్నాం. తలుపు వెనక మస్తాన్‌బీ నా చెయ్యి పట్టుకుంది. నాకైతే ఏడుపొచ్చింది, అయ్యో, చేతులారా పోగొట్టుకుందే అని.

"కాజీసాబ్, ముక్కుపుడక కూడా రాయండి, రెండూ ఇస్తాను," అన్నాడు మీరావలి. తలుపు వైపు చూసి అన్నాడు: "నా భార్య జ్వరం జ్వరమంటూ చిక్కి చిక్కి చనిపోయింది. ఏం జ్వరమని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అప్పట్నుంచి నాకూ లోపల దిగులే. రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్దాం, మీరూ రండి."

వెళ్లారు. కొన్నాళ్లకు నిఖా జరిగింది. మస్తాన్‌బీ ముక్కుకు కొత్త పుడక, మీరావలి మొహం నిండా నవ్వు. మొన్న తల తీసేశావన్న అన్నే అందరికీ దగ్గరుండి కొసరి కొసరి వడ్డించాడు. మేమూ కడుపునిండా తిన్నాం. రహీమున్నీసా ఊరుకుంటుందా? కుల్సుమమ్మగారి పక్కకు జరిగి, చెవిలో "అమ్మా, ఇంతకీ ఆయన పరీక్షలో ఏమొచ్చింది?" అని అడిగింది.

ఆవిడ ఈసారి చెప్పులు వేసుకోలేదు. విస్తట్లోంచి తలైనా ఎత్తకుండా అన్నారు:

"మెహర్ పెళ్లికూతురి సొంతం. అందులో నీకు వాటా ఎక్కడిదే?"