నలభై ఒకటో వంతు

మణిపాడు రాజు విజయకేతుడికి ఉన్నట్టుండి నిప్పంటే భయం పట్టుకుంది. ఊళ్లో ఎవరిదో కొట్టం కాలిపోయిందని పొద్దున విన్నారు. మధ్యాహ్నానికల్లా హుకుం జారీ అయింది.

"అంతఃపురం అంటుకుంటే అందరూ ఎలా బయటపడాలో మంత్రి దండపాణి పది రోజుల్లో రాసి తేవాలి. బాగుంటే బంగారు కడియం!"

దండపాణికి రాయడమంటే పిచ్చి. పదో రోజున నాలుగు తాటాకు కట్టలు మోయించుకుని సభకొచ్చాడు.

"నిప్పు పుట్టిందని ముందుగా నాకు అర్జీ పెట్టుకోవాలి ప్రభూ. నేను ముద్ర వేస్తాను. తర్వాత తమ ముప్పై రెండు బిరుదులూ చదవాలి. ఆపైన బయటి తాళం తీస్తే, హోదాను బట్టి ఒక్కొక్కరే నడిచి రావాలి. రాణిగారిది మొదటి వంతు. వంటమనిషిది ఆఖరు, నలభై ఒకటో వంతు."

బిరుదుల మాట దగ్గర రాజుగారి ముఖం వెలిగిపోయింది. సభలోని నలభై మందీ చప్పట్లు కొట్టారు. రాజు మురిస్తే చప్పట్లు కొట్టడమే వాళ్ల ఉద్యోగం మరి.

మూలన సాంబ్రాణి వేస్తున్న నాగులు గుండె మాత్రం జారిపోయింది. ఆ ఆఖరి వంతు ఆమె తల్లిది. కానీ మంత్రిని తప్పుపడితే మెడపట్టి గెంటేస్తారు. అందుకని చేతులు జోడించింది.

"ప్రభూ, ఇంత గొప్ప ఏర్పాటును ఒకసారి ఆడి చూస్తే ఎంత వేడుక! మంటక్కర్లేదు, నా సాంబ్రాణి పొగ చాలు."

రాజుగారు వేడుకలంటే చెవి కోసుకుంటారు. "భేష్! దండపాణి ఏ వేషం వేస్తాడు?"

"మా అమ్మ వేషం ప్రభూ. రాసినవారే ఆఖర్న నిలబడితే అందరికీ ధైర్యంగా ఉంటుంది. మంత్రిగారి వేషం నేను వేస్తాను."

దండపాణి ఛాతీ విరిచాడు. తన రాతమీద ఆయనకంత నమ్మకం. చప్పట్లు కొట్టిన నలభై మందీ రాణిగారి నుంచి దాసీల దాకా తలా ఒక వేషం కట్టి అంతఃపురంలోకి నడిచారు. ఆడవాళ్లంతా పెరట్లో రాజుగారి వెనక నిలబడ్డారు.

నాగులు లోపల కుంపటి పెట్టి, గుప్పెళ్లతో సాంబ్రాణి చల్లి, బయట తాళం వేసి కూర్చుంది.

కాసేపటికి దగ్గులు మొదలయ్యాయి. "నిప్పు! నిప్పు!"

"అర్జీ ఏదీ?" అంది నాగులు.

తలుపు సందులోంచి తాటాకు వచ్చింది. ఆమె తీరిగ్గా చదివింది. లక్క కరిగించింది. ముద్ర వేసింది. అది ఆరేదాకా ఊదింది. అప్పుడు బయటే నిలబడ్డ వందిమాగధుడు రాగం తీస్తూ బిరుదులు అందుకున్నాడు. తొమ్మిదోది అయ్యేసరికి తలుపు దడదడలాడింది.

"తాళం తియ్యవే, నీకు పుణ్యముంటుంది!" లోపలినుంచి దండపాణి గొంతు.

"ఇంకా ఇరవై మూడున్నాయి దొరా. అయినా మీకెందుకు తొందర? మీది నలభై ఒకటో వంతు."

ఆమె మాట పూర్తయిందో లేదో, వంటింటి గోడకున్న అంట్లనీళ్ల తూములోంచి ఒక తలపాగా బయటపడింది. వెనకే మెతుకులు పూసుకున్న మంత్రి. ఆయన కాళ్లు పట్టుకుని నలభై వేషాలూ, హోదా గీదా లేకుండా, ఒకదానిమీద ఒకటి దొర్లాయి.

ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. రాజుగారూ నవ్వబోయి ఆగిపోయారు.

"నాగులూ, నిజంగా రాత్రిపూట నిప్పు పుడితే నేనూ ఆ తాళం వెనకే ఉంటాను కదే!"

"ఉంటారు ప్రభూ. అప్పుడు తమకు ముప్పై మూడో బిరుదు కూడా వస్తుంది."

"ఏమిటది?"

"కీర్తిశేషులు."

రాజుగారు ఒక్క క్షణం తెల్లబోయి, ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే కడియం తీసి ఆమె చేతిలో పెట్టి, వంటింటి వైపు మరో వాకిలి, అన్ని తలుపులకూ లోపలి గడియలు పెట్టమని వడ్రంగులకు కబురంపారు.

"ఇంకేం కావాలో కోరుకో!"

"ఈ తాళంచెవి ప్రభూ," అంది నాగులు. రాజుగారు సరేననగానే దాన్ని అందరి ఎదుటా బావిలో పడేసింది.