హస్తం పట్టడం

నాట్యగురువు అన్నప్ప శాస్త్రిగారిని ఏదైనా అడిగితే ముందు తమలపాకు ఈనె తీస్తారు. ఆకు నోట్లో పడిందంటే ఇక జవాబు రాదని శిష్యులందరికీ తెలుసు. అందుకే ఆ రోజు కృష్ణానది రేవులో నిండిపోయిన బల్లకట్టు ఎక్కలేక తర్వాతి దానికోసం కూర్చున్నప్పుడు, ఆయన శిష్యురాలు వకుళ ముందే అడిగేసింది.

"గురువుగారూ, పతాకం, అరాళం, కపోతం... ఏ ముద్ర పేరు చెప్పినా రెప్పపాటులో హస్తం పట్టేస్తాను. తప్పుందా అంటే లేదంటారు. మరి యశోద వేషం నాకెప్పుడిస్తారు?"

డెబ్బై ఏళ్లొచ్చినా ఆ వేషం ఆయనే కట్టేవారు. ఆ సాయంత్రం అవతలి ఊరి ఆటలోనూ ఆయనే యశోద. ఆయన గజ్జెల సంచి మోయడమే ఇన్నేళ్లుగా తన వంతు అయిందని వకుళకు లోలోపల ఉడుకుగా ఉండేది.

"హస్తం పట్టడంలో నీకు వంక పెట్టలేనమ్మా," అని శాస్త్రిగారు ఆకు నోట్లో పెట్టుకున్నారు.

అంతలో బల్లకట్టు రేవు వదిలింది. దానిమీది జనమంతా అవతలి ఒడ్డుకేసి చూస్తున్నారు. వెనకవైపు, అడ్డుకర్ర లేని అంచుకు, ఓ పసిపిల్ల తప్పటడుగులు వేస్తూ వస్తోంది. ఒడ్డున ఉన్నవాళ్లను చూసి నవ్వుతోంది. ఇంకాస్త ముందుకొస్తే నీళ్లే. వకుళ గొంతు చించుకుని అరిచింది. ఇంజను మోతలో ఆ అరుపు తనకే వినపడలేదు.

అప్పుడు ఆమె చేతులు లేచాయి. రెండు అరచేతులూ గాలిని కిందికి అదుముతుంటే, కళ్లు బతిమాలుతుంటే, నడుమూ మోకాళ్లూ వంగి ఒళ్లంతా మెల్లగా ఇసకలో కూర్చుంది. పిల్ల ఆగింది. వకుళ కళ్లలోకే చూస్తూ, తానూ చేతులు చాచి, అంచుకు ఇవతలే చతికిలబడింది. తల్లి వెనక్కి తిరిగి, కెవ్వుమని వచ్చి ఎత్తుకుంది.

బల్లకట్టు దూరమైపోయింది. వకుళ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఎవరి చేతులో అన్నట్టు వాటిని చూసుకుంది. పతాకమా? కాదు. అర్ధచంద్రమా? అదీ కాదు. తనకు తెలిసిన ఏ పేరూ వాటికి చాలలేదు. గర్భగుడి ముందు నిలబడ్డంత భయభక్తులు కలిగాయి ఆమెకు, సొంత చేతుల్ని చూసే.

శాస్త్రిగారు నోట్లోని ఆకు ఉమ్మేశారు.

"నువ్వు హస్తం పట్టడం ఇన్నేళ్లూ చూశాను. హస్తం నిన్ను పట్టడం ఇవాళే చూశానమ్మా," అన్నారు. తర్వాత ఆమె పక్కనున్న సంచికేసి చూపించారు. "ఆ గజ్జెలు నీ కాళ్లకు సరిపోతాయేమో చూసుకో."