రాళ్ల గుంటల్లో రాకుమారులు

అనగనగా సముద్రానికి ఒక్కపూట ప్రయాణంలో ఒక రాజ్యం. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, వీరబాహు, సుబాహు, కువలయుడు. ఒక వేసవిలో ముగ్గురూ సముద్రపు ఒడ్డున విడిది చేశారు.

పొద్దున్నే ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గాయి. రాళ్ల మధ్య గుంటలు బయటపడ్డాయి. అన్నిటికంటే పెద్ద గుంటలో నక్షత్ర చేపలు, గాజులాంటి రొయ్యలు, ముట్టుకుంటే ముడుచుకునే పువ్వులు.

"అన్నయ్యా, ఈ పువ్వు చేపపిల్లని మింగేసింది. ఇది పువ్వా, జంతువా?" అని అడిగాడు కువలయుడు.

తలెత్తి చూస్తే అన్నలు లేరు. రాతి మీద జడలు కట్టిన మాంత్రికుడు కూర్చుని నవ్వుతున్నాడు.

"నా గుంటలో చేయి పెట్టారు, గుంటలో జీవులైపోయారు. పోటు వచ్చేలోగా వాళ్లని గుర్తుపట్టు. అంతదాకా నువ్వు చేయి పెట్టినా ఏమీ కాదు. మూడుసార్లు తప్పితే నువ్వూ అందులోకే" అన్నాడు.

కువలయుడు గుంట మీదికి వంగాడు. "వీరబాహు అన్నయ్య ఎవరు?"

"నేనే" అంది నక్షత్ర చేప. "నేనే" అంది రొయ్య. "నేనే తమ్ముడూ" అంది పువ్వు.

అతనికి ఏమీ పాలుపోలేదు. నక్షత్ర చేపని తీశాడు. తప్పు. రొయ్యని తీశాడు. అదీ తప్పు. నీళ్లు పాదాల మీదికి వచ్చాయి. గుంట ఒడ్డునే కూలబడి ఏడ్చాడు.

శంఖంలో కాపురముంటున్న చిన్న పీత ఒకటి అతని దగ్గరికి పాకింది.

"మాంత్రికుడి భయానికి ఇక్కడి బందీలందరూ అలాగే చెబుతారు. వాడి ప్రాణం ఈ గుంటలో ఒక ఆల్చిప్పలో ఉంది. అది పట్టుకో" అంది మెల్లగా.

"ఏ ఆల్చిప్ప, పీతగారూ?"

"నాకూ తెలియదు."

చూస్తే అడుగునిండా ఆల్చిప్పలే, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అతనికి మళ్లీ అయోమయం. నీళ్లు మోకాళ్లకి వచ్చాయి. ఇక ఆల్చిప్పల్ని చూడటం మానేసి, ఒక్కొక్కటే పైకెత్తుతూ మాంత్రికుడి మొహం చూడసాగాడు.

"ఏరుకో, ఏరుకో" అని నవ్వాడు మాంత్రికుడు. కువలయుడు ఇంకొకటి ఎత్తితే మళ్లీ నవ్వాడు. ఆ తర్వాతది ఎత్తగానే నవ్వు ఆగిపోయింది.

"అది కింద పెట్టు, నాయనా."

"ముందు అందరినీ వదులు. అప్పుడు దీన్ని నేనూ వదులుతాను."

మాంత్రికుడు గొణుక్కుంటూ మంత్రం చదివాడు. నడుము లోతు నీళ్లలో అన్నలిద్దరూ లేచి నిలబడ్డారు. వాళ్ల చుట్టూ ఎవరెవరో మనుషులు, తడి బట్టలతో, ఒకరినొకరు చూసుకుంటూ.

కువలయుడు మాట తప్పలేదు. ఆల్చిప్పని వదిలాడు, ఎగసే కెరటాల్లోకి దూరంగా విసిరి. మాంత్రికుడు దాని వెంట దూకాడు. సముద్రం నిండా ఆల్చిప్పలే. ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాడట.

"అన్నయ్యా, పీతగారు ఏరీ?" అన్నాడు కువలయుడు కంగారుగా.

"ఇక్కడే ఉన్నాను" అంది పక్కనున్న అమ్మాయి. ఏడు సముద్రాల అవతలి దీవికి రాకుమార్తె, పేరు తరంగిణి. సిగ్గుపడి అతను నీళ్లలోకి చూశాడు. ఆమే అతని చేయి పట్టుకుని ఒడ్డుకి నడిపించింది.

ఆ నెలలోనే పెళ్లయింది. ప్రాణాలు నిలబెట్టిన తమ్ముడికే రాజ్యం అన్నారు అన్నలు. తరంగిణీ కువలయులు తలలు నెరిసేదాకా ఏలారు, పిల్లలతో మనవలతో చల్లగా బతికారు.